తలుపు మీద చెయ్యి

పండు నడిపే కారుకి ఇరవై రెండేళ్ళు. ఎక్కాలంటే తలుపు కాస్త పైకెత్తి లాగాలి, దిగాలంటే లోపలినుంచి భుజంతో ఒక్క తోపు తొయ్యాలి. అటువంటి బండికి స్పీకర్లు మార్పిస్తానని ఆమె పట్టుబట్టినప్పుడు చెల్లెలు ఫోన్లో పకపకా నవ్వింది. ముందు బండి మార్చు అక్కా, స్పీకర్లు దాంతోపాటే వస్తాయి అంది. చెల్లెలికేం, ఎన్నయినా చెబుతుంది. వారానికి మూడుసార్లు ఆ కారులో నాన్నని డయాలసిస్‌కి తీసుకెళ్ళి తీసుకొచ్చేది తను కాదుగా.

పండు అసలు పేరు ఆమె పనిచేసే కళ్ళద్దాల షాపు రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా కనపడదు. నలభై నాలుగేళ్ళొచ్చినా తండ్రి నోట్లో ఆమె ఇంకా పండే. షాపు వెనక గదిలో కూచుని ఫ్రేముకి తగ్గట్టు అద్దాల అంచులు అరగదీయడం ఆమె పని. అర మిల్లీమీటరు తేడా వచ్చినా అద్దం ఫ్రేములో కూచోదు. ఆ పని చేసీ చేసీ అలవాటైందో ఏమో, ఏ వస్తువైనా వదులుగా కదిలినా, కిర్రుమన్నా ఆమెకి ఒళ్ళు మండిపోతుంది. కుళాయి చుక్కలు కారుతుంటే నిద్రపట్టని మనిషి. అలాంటి మనిషికి దేవుడు ఇచ్చిన కారు అది.

కారులో నాన్న కూచునే పక్క తలుపులో ఉన్న స్పీకరు చిరిగిపోయింది. దాన్ని పట్టి ఉంచే నాలుగు స్క్రూల్లో రెండు ఎప్పుడో ఊడి తలుపు అడుగున పడ్డాయి. రేడియో పెడితే చాలు, పాటతోపాటు తలుపు రేకంతా గరగరమంటూ వణికేది. పండుకి ఉన్న ఒకే ఒక్క సుఖం ఆ రేడియో. పోను నలభై నిమిషాలు, రాను నలభై నిమిషాలు, పక్కనున్న మనిషితో మాట్లాడే వీలు లేదాయె. ఆయనకి చెవులు లేవు.

చెవులు లేవంటే బొత్తిగా లేవు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు బాయిలర్లు తయారుచేసే కార్ఖానాలో పనిచేశాడాయన. ఇనుప డొల్లలో ఒకడు దూరి కూచుంటే, బయటినుంచి ఇంకొకడు రేకుల్ని కలిపి బిగించే రివిట్లు కొడతాడు. లోపల కూచున్నవాడి చెవుల సంగతి ఎవడికీ పట్టేది కాదు. లోపల కూచునే పని ఎక్కువగా ఆయనదే, ఎందుకంటే మనిషి సన్నం. ఉద్యోగం వదిలేనాటికి పెళ్ళాం పిలుపు వినపడదు, ఉరుము వినపడదు. చెవిలో పెట్టుకునే మిషను కొనిపెడితే, అందులో ఈలలు తప్ప ఇంకేం రావడం లేదని సొరుగులో పడేశాడు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి సగం, సైగలతో సగం నెట్టుకొస్తాడు. తను మాట్లాడేది మాత్రం పక్క వీధిదాకా వినపడుతుంది.

కారెక్కగానే ఆయన ఎడమచెయ్యి తలుపుకి ఆనించేవాడు. అరచెయ్యి మొత్తం పరిచి, వేళ్ళు విడదీసి. దిగేదాకా అక్కడినుంచి తీసేవాడు కాదు. ఏళ్ళ తరబడి అలా పెట్టగా పెట్టగా తలుపు లోపలి అట్ట మీద అరచెయ్యంత మేర రంగు పోయి నున్నగా తయారైంది. తన డ్రైవింగు మీద నాన్నకి నమ్మకం లేదనీ, ఎప్పుడు ఎక్కడ గుద్దేస్తానో అని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూచుంటాడనీ పండు అందరికీ చెప్పి నవ్వించేది. డయాలసిస్ నర్సుకి చెప్పింది. షాపులో చెప్పింది. ఒకసారి నాన్న ఎదుటే చెయ్యి చూపించి, స్టీరింగు తిప్పినట్టు సైగ చేసి, భయమా అని అడిగింది. ఆయన నవ్వి, అవునన్నట్టు తలూపాడు.

స్పీకర్ల వేట పండు అనుకున్నంత తేలిగ్గా తెమల్లేదు. ఇప్పుడొచ్చే స్పీకర్లన్నీ గుండ్రంగా ఉంటాయి. ఈ కారు తలుపులో ఉన్న కంత కోలగా ఉంటుంది. దానికితోడు లోతు తక్కువ. కాస్త బరువైనది పెడితే అద్దం దించినప్పుడు వెనకాల అయస్కాంతానికి తగులుతుంది. పెద్ద షాపువాడు తలుపు రేకు కోసి గుండ్రటివి పెడతానన్నాడు. వాడు చెప్పిన ధరకి తెల్లబోయిన పండు మొహం చూసి, “బండి ధర ఎంతుంటుంది మేడం?” అని అడిగి, ఆమె జవాబు చెప్పకముందే నవ్వాడు. పాత కార్లు విప్పే యార్డుకి వెళితే ఇదే మోడలు మూడు కనపడ్డాయి. మూడింటి స్పీకర్లలోనూ శబ్దం పుట్టించే కాగితం పొడిపొడి అయిపోయింది. ఇంటర్నెట్‌లో ఒకతను బాగున్నాయని పెట్టినవి తీరా చూస్తే రెండూ ఒకే కారువి కావు. కాళ్ళరిగేలా తిరిగింది పాపం, అదీ షాపుకి అరపూట సెలవులు పెట్టి.

అలా తిరుగుతూ ఒక సందు చివర స్పీకర్లు బాగుచేసే ముసలాయన దగ్గర కూడా ఆగింది. ఆయన పాత స్పీకరు విప్పి, చిరిగిన కాగితం తీసేసి, కొత్త కాగితం అతికిస్తాడట. పదిహేను రోజులు పడుతుందన్నాడు. అంతకంటే తొందరగా కాదా అని అడిగితే, “జిగురు నా మాట వినదమ్మాయ్” అన్నాడు తలెత్తకుండా. పదిహేను రోజులు ఆగే ఓపిక పండుకి లేదు.

చివరికి ఊరి అవతల ఒక కారు డెకరేషన్ షాపులో దొరికాయి. ఎప్పుడో ఎవరో తెప్పించి తీసుకెళ్ళకుండా వదిలేసిన జత. కోలవి, పల్చటివి, తేలికవి. చవగ్గా ఇచ్చేశాడు. అట్టపెట్టె మీద దుమ్ము తుడుస్తుంటే పండుకి ఏనుగెక్కినంత సంబరమేసింది.

అక్కడి ఫిట్టరు మంచి పనివాడు. ఆ మాట ఒప్పుకోవాలి. స్పీకర్లు బిగించి చేతులు దులుపుకునే రకం కాదు. తలుపు అట్ట విప్పి, లోపలి రేకంతా తుడిచి, నల్లటి మందపాటి తారు షీట్లు అతికించి రోలరుతో నొక్కాడు. స్పీకరు చుట్టూ స్పాంజి పట్టీ వేశాడు. అడుగున పడిన రెండు స్క్రూలు ఏరి పండు చేతిలో పెట్టాడు. అదంతా అయ్యేదాకా నాన్న షాపు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూచుని రోడ్డు మీద పోయే బండ్లు చూస్తున్నాడు.

“ఇప్పుడు తలుపు మీద చెయ్యి పెట్టండి మేడం” అన్నాడు ఫిట్టరు, రేడియో గట్టిగా పెట్టి.

పండు పెట్టింది. రేకు చీమంత కూడా కదలలేదు. పాట మాత్రం మంచినీళ్ళలా తేటగా వస్తోంది.

“చూశారా, తలుపు చచ్చినట్టు పడుంటుంది. అలా ఉంటేనే సౌండు శుభ్రంగా వస్తుంది. బేలన్సు మధ్యలో పెట్టనా, మీ వైపా?”

“నా వైపే పెట్టు బాబూ. ఆయనకి ఎలాగూ వినపడదు” అంది పండు.

ఆరోజు ఇంటికి వస్తుంటే నాన్న ఎప్పటిలాగే చెయ్యి తలుపుకి ఆనించాడు. కాసేపు చూసి కొంచెం కిందికి జరిపాడు. తర్వాత పైకి. తర్వాత అద్దం కింద అంచు మీద పెట్టాడు. సగం దారిలో చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పండు అది గమనించింది. గమనించి పొంగిపోయింది. ఇంటికొచ్చీ రాగానే చెల్లెలికి ఫోను చేసి, “నాన్న చెయ్యి తీసేశాడే. ఇన్నేళ్ళకి నా డ్రైవింగు మీద నమ్మకం కుదిరింది” అని గొప్పలు పోయింది.

ఆ తర్వాత ఐదు వారాలు కారులో పండు పాటలు విన్నది. గాయకుడు ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడేది. నాన్న రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూచునేవాడు. తొందరగా కునుకు పట్టేది ఆయనకి. డయాలసిస్ నీరసం అనుకుంది.

ఆరో వారంలో సుత్తి బాబాయి ఆస్పత్రికి వచ్చాడు. నాన్నతో కార్ఖానాలో కలిసి పనిచేసిన మనిషి. సుత్తి పట్టినందుకు వచ్చిన పేరో, దొరికినవాడిని కూచోబెట్టి గంటలకొద్దీ చెప్పే కబుర్లకు వచ్చిన పేరో ఎవరికీ తెలియదు. చెవుల విషయంలో ఆయనా నాన్నకి తీసిపోడు. నెలకోసారి వచ్చి, డయాలసిస్ గదిలోకి పిలిచేదాకా నాన్నతో కూచుని వెళ్ళేవాడు. పండు కారు పార్కు చేసి వచ్చేసరికి ఇద్దరూ వరండాలో బెంచీ మీద ఆమెకి వీపు పెట్టి కూచుని ఉన్నారు. చుట్టూ ఇరవై మంది దాకా ఉన్నారు, రోగులూ వాళ్ళ మనుషులూ.

ఇద్దరు చెవిటివాళ్ళు గుట్టుగా మాట్లాడుకుంటే ఎలా ఉంటుందో ఆరోజు ఆ వరండాలో ఉన్నవాళ్ళందరికీ తెలిసింది. ఒకరి పెదాల మీద ఒకరు చూపు నిలిపి, తలలు దగ్గరపెట్టి, తాము గుసగుసలాడుతున్నామనే అనుకుంటూ వాళ్ళు కేకలు పెడుతున్నారు.

“పాటలు పోయాయిరా సుత్తీ” అన్నాడు నాన్న.

“పోవడమేంట్రా? కారు అమ్మేశారా?”

“కారుంది. అమ్మాయి అందులో డబ్బా మార్పించింది. తలుపు నిండా ఏదో అంటించారు. చెయ్యి పెడితే గోడ మీద పెట్టినట్టుంది. ఏమీ తెలియడం లేదు.”

“మరి చెప్పొచ్చుగా దానికి?”

“ఏమని చెప్పను? ఎన్ని షాపులు తిరిగిందో, ఎన్ని సెలవులు పెట్టిందో. ఎంత మురిసిపోతోందో తెలుసా? పోనీలే. దానికి పాటలు బాగా వినపడుతున్నాయి కదా, అది చాలు.” నాన్న ఇంకాస్త దగ్గరికి వంగాడు. “నువ్వు నోరు జారేవు సుమా. ఈ మాట అమ్మాయి చెవిన పడకూడదు.”

నర్సు చేతిలో ఫైలు వైపు చూస్తూ ఉండిపోయింది. నాన్న చెయ్యి గురించి పండు చెప్పిన కథ విని ఎన్నిసార్లు నవ్విందో ఆ నర్సు. ఒక్కొక్కరే తల తిప్పి పండుని చూశారు. పండుకి తల కొట్టేసినట్టయింది. వెనక్కి తిరిగి, ఏదో మర్చిపోయినట్టు కారు దగ్గరికి నడిచింది. నాన్న చూడకముందే వెళ్ళిపోవాలన్న ఒక్కటే ఆలోచన.

నాన్నని లోపలికి తీసుకెళ్ళాక సుత్తి బాబాయిని బయట చెట్టు నీడలో పట్టుకుంది. ఆయనకి కనపడేలా ఒక్కొక్క మాటా పెదాలతో దిద్ది అడిగింది. ముందు బుకాయించాడు. మీరు చెప్పుకున్నది ఊరంతా విన్నది బాబాయ్ అని ఆమె అన్నాక చతికిలబడ్డాడు.

“కార్ఖానాలో ఐదేళ్ళు పనిచేస్తే ఎవడికీ చెవులుండవమ్మా. చేతులే మాకు చెవులు. రివిటు బిగిసిందో లేదో రేకు మీద చెయ్యి పెట్టి చెప్పాలి. అన్నాల వేళ ఎవడో ఒకడు ఖాళీ బాయిలరు మీద సుత్తి పిడితో పాట వాయించేవాడు. మిగతావాళ్ళం రేకు మీద చేతులు పెట్టుకుని కూచుని అది ఏ పాటో చెప్పాలి. మీ నాన్న నాలుగు దెబ్బల్లో చెప్పేసేవాడు. వాణ్ని ఎవడూ గెలవలేదు.” పక్కనున్న చెట్టు మీద అరచెయ్యి పరిచి చూపించాడు. “నీ కారు తలుపు అచ్చం అలాగే ఉందని ఎంత సంబరపడ్డాడో. నేను వచ్చినప్పుడల్లా లెక్క చెప్పేవాడు. ఇవాళ ఏడు పాటలొచ్చాయిరా, రెండు కొత్తవి, తెలియలేదు అని.”

“మరి భయమా అని నేనడిగితే అవునన్నాడే.”

“నువ్వు నవ్వుతున్నావు కదమ్మా. నవ్వనీ అనుకుని ఉంటాడు.”

పండు ఏడవలేదు. ఏడిస్తే తేలికపడేదేమో. తను కారులో పెట్టించిన స్పీకర్లు తన చెవులకి బాగున్నాయి, ఫిట్టరు చెవులకి బాగున్నాయి. తలుపు పక్కన కూచునే మనిషిని ఎవరూ అడగలేదు. చెవిటివాడిని అడగడమేమిటని అనుకోను కూడా అనుకోలేదు. ఆయన సగం దారిలో చెయ్యి తీసేసిన ఆ మొదటిరోజు తను ఫోనులో గొప్పలు పోవడం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది.

ఈ సంగతి తనకి తెలిసినట్టు నాన్నకి చెప్పలేదు. ఆయన చెవిన పడకూడదన్నాడు, పడలేదనే అనుకోనీ.

మర్నాడు డెకరేషన్ షాపుకి వెళ్ళి పాత స్పీకర్లు అడిగింది. ఫిట్టరు వింతగా చూశాడు. పాత సామాను ఎప్పుడో తూకానికి వెళ్ళిపోయిందన్నాడు. ఇంటికొచ్చి తానే తలుపు అట్ట విప్పింది. తన షాపులో అద్దాలు ఊడదీసే పలుచటి కత్తి తెచ్చి, ఒక ఆదివారమంతా కూచుని తారు షీట్లు గీకింది. గోళ్ళలో తారు దిగి వారాల తరబడి వదల్లేదు. షీట్లు పోయినా ఆ తేలికపాటి స్పీకర్లకి రేకుని కదిలించే సత్తువ లేదు. చెయ్యి పెడితే ఎక్కడో దూరంగా ఈగ వాలినట్టు ఉంది, అంతే.

అప్పుడు సందు చివరి ముసలాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన అంతా విన్నాడు. ఈసారి తలెత్తాడు.

“ఆయన చెయ్యి ఎక్కడ పెడతాడు?” అని అడిగాడు.

అన్ని షాపుల్లో ఆ ప్రశ్న వేసినవాడు ఆయనొక్కడే. అట్ట మీద నున్నబడిన చోటు అంచునుంచి ఎంత దూరమో పండు మిల్లీమీటర్లలో కొలిచి కాగితం మీద రాసి ఇచ్చింది. ముసలాయన పాత రేడియోగ్రాముల్లోంచి తీసిన కోల స్పీకర్ల కుప్పలో వెతికి, బరువైన కాగితం ఉన్నదొకటి తీశాడు. దాని అయస్కాంతం అద్దానికి తగలకుండా చెక్క చట్రం చేసి కిందికి దించుతానన్నాడు. స్పాంజి వెయ్యననీ, నేరుగా రేకుకే బిగిస్తాననీ చెప్పాడు.

“దీన్ని చూస్తే మా వృత్తివాడెవడైనా నన్ను తిడతాడు” అన్నాడు.

“ఎన్నాళ్ళు పడుతుంది?”

“మూడు వారాలు.”

ఈసారి పండు తొందరపెట్టలేదు. చెడగొట్టింది తొందరే కదా అనుకుంది. తీరా చూస్తే తొందరపడాల్సింది ఇప్పుడే.

రెండో వారంలో నాన్న మంచినీళ్ళ గ్లాసు జారవిడిచాడు. తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు తీసుకోవడం మొదలుపెట్టాడు. వేళ్ళవైపు చూస్తేగాని గుండీ దొరికేది కాదు. పండు డాక్టరుని అడిగింది. ఆయన గుండుసూదితో నాన్న వేళ్ళ కొసలు ఒక్కొక్కటీ ముట్టించి, కళ్ళు మూసుకుని చెప్పమని సైగ చేశాడు. నాన్న రెండుసార్లు తప్పు చెప్పాడు. మిగతా సార్లు ఏమీ చెప్పలేదు. ఈ జబ్బులో నరాలు ఇలాగే దెబ్బతింటాయట. పాదాలతో మొదలై చేతులదాకా వస్తుందట.

“ఎన్నాళ్ళయి ఉంటుంది డాక్టరుగారూ?”

“చేతులకి ఈ మధ్యనే వచ్చినట్టుంది. రెండు నెలల కింద బాగానే ఉండి ఉంటాయి.”

రెండు నెలలు. పండు ఆ లెక్క వెయ్యకుండా ఉండటానికి చాలా ప్రయత్నించింది. చేతులు బాగున్న రోజులన్నీ ఆయన వాటిని ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు, తను తేటగా పాటలు వింటుంటే. అక్కడినుంచి సరాసరి సందు చివరికి వెళ్ళి, జిగురు ఆరినా ఆరకపోయినా రేపటికి కావాలని ముసలాయన్ని బతిమాలింది. ఆయన కారణం అడిగాడు. విన్నాక షాపు తలుపు సగం మూసి పనిలో కూచున్నాడు.

మర్నాడు సాయంత్రం ముసలాయనే దగ్గరుండి బిగించాడు. బేలన్సు మొత్తం నాన్న వైపు తిప్పించాడు. పండు చెయ్యి పెట్టి చూసింది. తలుపు ప్రాణమున్నదానిలా అరచేతిని తంతోంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాట మాత్రం చెవులు మూసుకునేంత ఘోరంగా ఉంది.

ఆ తెల్లవారి ఆస్పత్రి రోజు. కారు బయలుదేరాక పండు రేడియో పెట్టి, నాన్న మోచేతిని తట్టి, తలుపు చూపించింది. ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఆమె గోళ్ళవైపు చూశాడు. ఏమనుకున్నాడో, చెయ్యి ఎత్తి నున్నటి చోట పరిచాడు. వేళ్ళు విడదీశాడు. పండు రోడ్డు చూడలేక, చూడకుండా ఉండలేక నడుపుతోంది.

కాసేపటికి ఆయన మొహం విచ్చుకుంది. “వచ్చిందే పండూ” అన్నాడు కారు దద్దరిల్లేలా. “వచ్చాయి పాటలు. నీకెవరు చెప్పారే? ఆ సుత్తిగాడేనా?”

పండు నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ అవునంది. ఆయన చూపుడువేలు లేపి అట్ట మీద తాళం వెయ్యడం మొదలుపెట్టాడు. ఆ వేలినే చూస్తూ వంతెన దాటింది. మార్కెట్టు దాటింది. ఎన్నాళ్ళకో ఆమె ఛాతీ మీద బరువు దిగింది.

సిగ్నలు దగ్గర ఆగినప్పుడు పాట అయిపోయింది. రేడియోలో ఎవరో ఆడమనిషి రేపటి ఎండ సంగతి చదువుతోంది. నాన్న వేలు ఆగలేదు. అదే తాళం, అదే వేగం. కాస్త ఆలస్యంగా తెలుస్తుందేమో అనుకుంది పండు. మెల్లగా చెయ్యి చాచి శబ్దం తగ్గించింది. ఇంకా తగ్గించింది. పూర్తిగా తగ్గించేసింది. రేడియో ముందున్న ఆకుపచ్చ దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. తలుపు నిశ్చలంగా ఉంది. ఆయన వేలు తాళం వేస్తూనే ఉంది.

ఆయన కూతురివైపు తిరిగి, ఆమెని సంతోషపెట్టాలన్న ఆత్రం మొహం నిండా పెట్టుకుని నవ్వాడు.

“ఇది మీ అమ్మ పాడేది కదూ?” అన్నాడు.

పండు ఆయనకి బాగా కనపడేలా మొహం తిప్పింది.

“అవును నాన్నా. అదే” అంది.